కాలనీ చెరువు బాగు చేయాలంటే... ముందు మురుగు సంగతి, వాకింగ్ ట్రాక్ ఆఖర్న

చెరువు బాగు చేద్దాం అనగానే కాలనీ వాట్సాప్ గ్రూప్‌లో ఫస్ట్ వచ్చే మెసేజ్ వాకింగ్ ట్రాక్ ఎక్కడ వేద్దాం అని. రెండోది ఫౌంటెన్. మూడోది పెద్ద పెద్ద అక్షరాలతో సెల్ఫీ పాయింట్. ఈ మూడూ ముందే కట్టేసి తర్వాత కంపు భరించలేక గేటుకి తాళం వేసిన చెరువులు హైదరాబాద్‌లో నేనే రెండు చూశా, అందుకే ఇది రాస్తున్నా. నేను ఇంజనీర్‌ని కాదు, నాలుగేళ్లుగా మా చెరువు దగ్గర ఆదివారాలు బురదలో గడిపినవాణ్ని, అంతే.

ముందు కాగితాలు. చెరువు హద్దు అంటే ఇప్పుడు నీళ్లు కనిపించేంత మేర కాదు, ఫుల్ ట్యాంక్ లెవల్ (ఎఫ్‌టీఎల్), అంటే చెరువు నిండి అలుగు పారేటప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో అది. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) సైట్‌లో చెరువుల మ్యాప్‌లు ఉంటాయి, అందులో మీ చెరువుది, పాత నక్షా రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఎఫ్‌టీఎల్ దాటాక కూడా పది హెక్టార్లు అంతకన్నా పెద్ద చెరువైతే 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు బఫర్. అక్కడ ఏమీ కట్టకూడదు, మీ క్లబ్ హౌస్‌తో సహా. హద్దు రాళ్లు పడేదాకా ఒక్క మొక్క కూడా నాటకండి, తర్వాత ఎవడో వచ్చి ఇది నా పట్టా అంటే మీ మొక్కలూ పోతాయి, మీ ఓపికా పోతుంది.

ఇక అసలు పని మురుగు. ఇక్కడి చెరువులన్నీ గొలుసుకట్టు, పై చెరువు అలుగు నీళ్లు కింది చెరువుకి వస్తాయి, కాబట్టి మీ చెరువు ఒక్కటే కడిగితే లాభం లేదు, పైన ఏం కలుస్తుందో చూడాలి. ఎండాకాలంలో, వాన లేని రోజు పొద్దున ఏడింటికి నాలా వెంబడి నడవండి. ఆ టైంలో నాలాలో నీళ్లు పారుతున్నాయంటే అవి వాన నీళ్లు కావు, జనం స్నానాలు చేసి గిన్నెలు తోమిన నీళ్లు. ఏ పైపు ఎక్కడ కలుస్తుందో ఫోటో తీసి లొకేషన్‌తో సహా పెట్టుకోండి, అధికారుల దగ్గరికి వెళ్లినప్పుడు చెరువు కంపు కొడుతుంది సార్ అంటే ఎవరూ కదలరు, ఈ పద్నాలుగు పైపులు అంటే కాస్త కదులుతారు. మురుగుని పక్క లైన్‌లోకి మళ్లించాలి లేదా ఎస్‌టీపీలో, అంటే మురుగు శుద్ధి ప్లాంట్‌లో శుద్ధి చేసి వదలాలి, మూడో దారి లేదు. అట్లని పూర్తిగా మళ్లించేసి వాన నీళ్లు కూడా రాకుండా చేసుకోకండి, చెరువు ఎండిపోతుంది.

నీళ్లలో తేలే మొక్కల తెప్పలు చాలామంది అడుగుతారు. 2018లో హైదరాబాద్‌లోని నెక్నాంపూర్ చెరువులో వేసినవి బాగా పేరు తెచ్చుకున్నాయి. వెదురు కర్రలు, తేలడానికి డ్రమ్ములో థర్మకోలో, పైన గోనెపట్టా, కంకర, అందులో వట్టివేరు, మెట్టతామర, తుంగ. వేళ్లు నీళ్లలోకి వేలాడి పోషకాలు లాగుతాయి. బాగుంటుంది, కానీ అది పచ్చి మురుగుకి మందు కాదు, శుద్ధి చేసిన నీళ్లకి ఫినిషింగ్ లాంటిది.

గుర్రపు డెక్క గురించి మేం పడ్డ బాధ చెప్తా. మొదటి ఏడాది అరవై మందిమి మూడు ఆదివారాలు లాగాం, కట్ట పక్కనే కుప్పలు పోశాం, మంచి ఫోటోలు దిగాం, ఇంటికొచ్చాం. మంగళవారం రాత్రి వాన కొట్టింది. బుధవారం పొద్దున చూస్తే సగం కుప్ప మళ్లీ నీళ్లలో తేలుతోంది, పచ్చగా, మమ్మల్ని వెక్కిరిస్తున్నట్టు. పరిస్థితి బాగుంటే రెండు వారాల్లో రెట్టింపయ్యే మొక్క అది. కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు తగ్గినప్పుడు లాగండి, నాలా వచ్చే వైపు నుంచి మొదలుపెట్టండి, గాలికి అది ఒక పక్కకి చేరుతుంది కదా అక్కడ తాడుకి వెదుర్లు కట్టి అడ్డం వేయండి, తీసింది అదే రోజు ట్రాక్టర్లో కట్ట అవతలికి పంపండి. ఎండబెట్టి పేడతో కలిపితే కంపోస్ట్ అవుతుంది, ఫ్యాక్టరీల నీళ్లు కలిసిన చెరువైతే మాత్రం కూరగాయలకి వాడకండి.

పూడిక తీసేటప్పుడు జేసీబీ వాడికి వదిలేస్తే గిన్నెలాగా నిటారుగా తవ్వేసి చుట్టూ రాళ్లు పరిచేస్తాడు. చూడ్డానికి నీట్‌గా ఉంటుంది, పక్షి ఒక్కటి దిగదు. కొంగలు, ఉల్లంకి పిట్టలు నడిచి తినేవి, వాటికి జానెడు లోతు నీళ్లు కావాలి. అంచులు మెల్లగా వాలుగా ఉండాలి, మధ్యలో మాత్రమే లోతు. అడుగున బంకమట్టి పొర తగిలితే ఆపేయండి, దాన్ని తవ్వేస్తే నీళ్లు ఇంకిపోతాయి. తీసిన మట్టిలో కొంత మధ్యలోనే దిబ్బగా పోసి నల్లతుమ్మ పెట్టండి, కుక్కలు రావు, గూళ్లు పడతాయి. నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులు నీళ్లలో నిలబడే కడప చెట్ల మీదే కదా గూళ్లు పెట్టేది. జమ్ము మొత్తం పీకేయకండి, మూడో వంతు ఉంచండి, నీటికోళ్లు దాక్కునేది అందులోనే. కోనోకార్పస్ అనే విదేశీ మొక్క మాత్రం ఎవరు ఫ్రీగా ఇచ్చినా వద్దనండి. దోమలకని గంబూసియా చేపలు తెచ్చి వదలకండి, అవి కప్ప పిల్లల్ని, మన చేప పిల్లల్ని కూడా తింటాయి.

తొలకరి పడ్డ మర్నాడు చేపలు తెల్లగా తేలితే వెంటనే ఎవడో విషం కలిపాడని గొడవ మొదలవుతుంది. చాలాసార్లు కారణం ఆక్సిజన్. మొదటి వాన రోడ్ల మీది చెత్తంతా మోసుకొస్తుంది, అది కుళ్లేటప్పుడు ఆక్సిజన్ తినేస్తుంది, తెల్లవారుజామున అది ఎలాగూ తక్కువే. టెస్ట్ కిట్‌తో సూర్యోదయానికే కొలవండి, మధ్యాహ్నం కొలిస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో చూడ్డానికి ఇంకో చవక పద్ధతి, స్టీల్ ప్లేటుకి తాడు కట్టి దించండి, ఎన్ని జానల లోతులో మాయమైందో నెలనెలా రాసుకోండి.

మనుషుల సంగతి. చెరువు మీద గంగపుత్రులకో ముదిరాజ్ సొసైటీకో చేపల హక్కు ఉంటుంది, చాకలి రేవు ఉంటుంది, వాళ్లని కూర్చోబెట్టి మాట్లాడకుండా ఫెన్సింగ్ వేస్తే అది నెల కూడా నిలవదు. పైగా ఎక్కడ లోతు, ఏ పక్షి ఏ నెలలో వస్తుంది, వాళ్లకి తెలిసినంత మనకి తెలియదు. బతుకమ్మకి మెట్లున్న ఒక ఘాట్ వదలండి, తంగేడు, గునుగు పూలతో చెరువుకి పెద్ద బాధ లేదు, వాటి కింద వచ్చే ప్లాస్టిక్ పళ్లేలతోనే. గణేశ్ నిమజ్జనానికి పక్కన వేరే చిన్న కొలను తవ్వించండి.

ఇప్పుడు ట్రాక్. చుట్టూ వేయకండి. సగం, మహా అయితే మూడింట రెండొంతులు, మిగతా వైపు పక్షులది, అటు మనుషులు వెళ్లరు, లైట్లు ఉండవు. సిమెంట్ కాదు, మొరం చాలు. లైట్లు మోకాలి ఎత్తులో, కిందికి చూసేలా, రాత్రి తొమ్మిదికి ఆఫ్. టాయిలెట్ కట్టండి, లేకపోతే ఆ పని ఎక్కడ జరుగుతుందో మీకే తెలుసు. బ్రెడ్డు ముక్కలు వేయొద్దని బోర్డు పెట్టండి, అయినా వేస్తారు, మా పక్కింటి పెద్దాయన ఇప్పటికీ వేస్తాడు, పుణ్యమట.

ప్రతి నెలా మొదటి ఆదివారం పొద్దున ఆరున్నరకి ఒకే చోట నిలబడి పక్షుల లెక్క రాయండి. వలస పక్షులు అక్టోబర్ నుంచి మార్చి దాకా ఉంటాయి కాబట్టి జనవరి లెక్కని మే లెక్కతో పోల్చి భయపడకండి, జనవరిని జనవరితోనే పోల్చండి. మా మొదటి జనవరి పుస్తకంలో కాకులు, పావురాలు, ఒక లకుముకి. నాలుగో జనవరికి పేజీ సరిపోక అట్ట వెనకాల రాశాం.