ఒక్క సంవత్సరపు చరిత్రను కూర్చడం ఎలా? 1378 ఉదాహరణగా

మధ్యయుగపు చివరి దశలోని ఏదైనా ఒక సంవత్సరపు సంఘటనలను ఒకచోట కూర్చదలచినవారు రాజకీయాలకు ఒక పట్టిక, మతవిషయాలకు మరొక పట్టిక వేసుకోకపోవడం మంచిది. ఆ కాలపు ఐరోపాలో ఒకదాన్ని వదిలి రెండోదాన్ని అర్థం చేసుకోలేము. పోపు పీఠం రెండుగా చీలిన 1378 ఇందుకు తగిన ఉదాహరణ.

అన్నిటికంటే ముందు తేదీలను సరిచూసుకోవాలి. ఎక్కువ ఓపిక కావలసిన పని ఇదే. అప్పట్లో కొత్త సంవత్సరం అన్నిచోట్లా జనవరి 1న మొదలయ్యేది కాదు. ఫ్లోరెన్స్‌లో మార్చి 25న, ఫ్రెంచి రాజాస్థానంలో ఈస్టర్ నాడు మొదలయ్యేది. 1378లో ఈస్టర్ ఏప్రిల్ 18న వచ్చింది. పోపు పదకొండవ గ్రెగరీ మార్చి 27న రోమ్‌లో మరణించగా, ఏప్రిల్ 8న ఇటలీలోని బారి ఆర్చిబిషప్ బార్తొలొమియో ప్రిన్యానో ఆరవ అర్బన్‌గా ఎన్నికయ్యాడు. ఈ రెండు సంఘటనలూ ఫ్లోరెన్స్ లెక్కలో 1378కి, పారిస్ లెక్కలో 1377కి చెందుతాయి. పైగా 1377లో ఈస్టర్ మార్చి 29నే వచ్చినందువల్ల, ఫ్రెంచి లెక్క ప్రకారం ఆ ఒక్క సంవత్సరంలోనే ఏప్రిల్ 8 రెండుసార్లు వస్తుంది. ‘ఈస్టర్‌కు ముందు’ అని లేఖకుడు రాశాడేమో చూడకుండా ఏ తేదీనీ మార్చకూడదు. మార్చిన తరువాత కూడా పత్రంలోని అసలు తేదీని పక్కనే ఉంచుకోవాలి.

తరువాతి పని సాక్ష్యాలను అవి పుట్టిన సమయాన్ని బట్టి తూచడం. ఎన్నిక వేళ రోమ్ ప్రజలు రోమన్‌ను గాని, కనీసం ఇటలీవాడిని గాని పోపుగా ఎన్నుకోవాలని గుమిగూడి కేకలు వేశారు. పోపును ఎన్నుకునే ఉన్నత మతాధికారులైన కార్డినల్స్‌లో ఎక్కువమంది ఫ్రెంచివారు. ప్రాణభయంతోనే ఎన్నుకున్నామని, కనుక ఆ ఎన్నిక చెల్లదని వారు ఆగస్టులో ఇటలీలోని అనాగ్నిలో ప్రకటించి, సెప్టెంబరు 20న అక్కడి మరో పట్టణం ఫోండీలో జెనీవా రాబర్ట్‌ను ఏడవ క్లెమెంట్‌గా ఎన్నుకున్నారు. అయితే ఏప్రిల్‌లో అర్బన్ పట్టాభిషేకంలో పాల్గొన్నదీ వీరే. ఆగస్టులో అన్న మాటలను ఏప్రిల్‌లో చేసిన పనుల పక్కన పెట్టి చదవాలి. భయం అబద్ధమని దీనివల్ల తేలదు గాని, అర్బన్ కఠిన వైఖరిపై తరువాత పెరిగిన ఆగ్రహం ఆ మాటల్లో ఎంత ఉందో ఆలోచించే వీలు కలుగుతుంది.

రాజుల నిర్ణయాలను ఆ తరువాతే చేర్చాలి. ఫ్రాన్స్ రాజు అయిదవ చార్లెస్ నవంబరులో క్లెమెంట్‌ను అంగీకరించాడు. ఫ్రాన్స్‌తో యుద్ధంలో ఉన్న ఇంగ్లండ్ అర్బన్ పక్షాన నిలిచింది. ఇక్కడ తొందరపాటు పనికిరాదు. చీలికను చూపే పటాల్లో క్లెమెంట్ వైపు కనిపించే నేటి స్పెయిన్‌లోని రాజ్యాలైన కాస్టిల్ 1381లో, అరగాన్ 1387లో మాత్రమే ఆ పక్షం చేరాయి.

ప్రతి సంఘటననూ చీలికకు ముడిపెట్టడమూ తగదు. జూలైలో ఫ్లోరెన్స్‌లో ఉన్ని కార్మికులు చేసిన చోంపీ తిరుగుబాటుకు పోపుతో ఆ నగరం 1375 నుంచి సాగించిన యుద్ధపు భారం కొంత నేపథ్యం కనుక, దానికి సంబంధం చూపవచ్చు. అదే ఏడాది మొదలైన వెనిస్, జెనోవా యుద్ధానికి మూలం సముద్ర వాణిజ్యంలోని పోటీ. దాన్ని విడిగానే ఉంచాలి.

చివరగా, డిసెంబరు దాటిన సంగతులను వెనక్కి తీసుకురాకూడదు. క్లెమెంట్ నేటి ఫ్రాన్స్‌లోని అవిన్యాన్ నగరం చేరింది 1379లో కనుక, 1378 వివరణ ముగిసేసరికి ఇద్దరు పోపులూ ఇటలీలోనే కనిపించాలి.