భాషా సాంకేతికత, స్పీచ్ టెక్నాలజీ చదువుకు కొత్తగా వచ్చినవారికి

కంప్యూటర్‌కు మన రాతనూ మాటనూ నేర్పే భాషా సాంకేతికతలోనో స్పీచ్ టెక్నాలజీలోనో మాస్టర్స్ చేయడానికి పరాయి దేశం వచ్చినవారికి గది, బ్యాంకు ఖాతా, నివాస అనుమతి వంటి విషయాల్లో దారి చూపేవారు చాలామందే ఉంటారు. విభాగంలో అడుగుపెట్టాక మొదటి సెమిస్టరును ఎలా గడపాలో చెప్పేవారు మాత్రం తక్కువ. ఈ సూచనలు ఆ రెండో సంగతి కోసం రాసినవి.

ఈ కోర్సుల్లో చేరేవారు ప్రధానంగా రెండు దారుల్లో వస్తారు. కొందరు కంప్యూటర్ సైన్స్ నుంచో ఎలక్ట్రానిక్స్ నుంచో వస్తారు, మరికొందరు భాషాశాస్త్రం నుంచి వస్తారు. మనవాళ్లలో ఎక్కువమంది మొదటి దారిలో వచ్చినవారే కాబట్టి మెషీన్ లెర్నింగ్ పాఠాలు చూడగానే ప్రాణం లేచొస్తుంది, ధ్వనిశాస్త్రం, వాక్యనిర్మాణం అన్న పేర్లు చూడగానే అవి ఇంకెవరికోసమో పెట్టినవన్న అభిప్రాయం కలుగుతుంది. నేనూ అలాగే అనుకుని మొదటి సెమిస్టరులో ధ్వనిశాస్త్రాన్ని దాటవేశాను. మూడో సెమిస్టరుకు వచ్చేసరికి నా మోడల్ ఏ ధ్వనుల దగ్గర తడబడుతోందో లెక్క చూపగలిగాను గానీ, ఎందుకు తడబడుతోందో ఒక్క వాక్యంలో చెప్పలేకపోయాను. అందుచేత నా మొదటి సలహా ఇది: ఎంచుకునే వీలు ఉన్నచోట మీకు రాని వైపు పాఠాలనే ముందు తీసుకోండి. భాషాశాస్త్రం నుంచి వచ్చినవారైతే పైథాన్‌నూ సంభావ్యతనూ మొదటి నెలల్లోనే పట్టుకోవాలి, ఎందుకంటే రెండో సెమిస్టరులో వాటిని మళ్లీ మొదటినుంచి ఎవరూ చెప్పరు.

మీ కోర్సు విశ్వవిద్యాలయంలో ఏ గూటికి చెందినదో తెలుసుకోవడం కూడా ఈ ఎంపికలో భాగమే. స్టాక్‌హోమ్‌లోని కేటీహెచ్‌లో ధ్వనిశాస్త్రవేత్త గున్నార్ ఫాంట్ 1951లో స్పీచ్ ప్రయోగశాలను స్థాపించారు. అది సాంకేతిక విశ్వవిద్యాలయంలో, సిగ్నల్ వైపు నుంచి, అంటే శబ్దతరంగాల విశ్లేషణ వైపు నుంచి ఎదిగిన సంప్రదాయం. ఎడిన్‌బరోలో స్పీచ్ అండ్ లాంగ్వేజ్ ప్రాసెసింగ్ మాస్టర్స్‌ను భాషాశాస్త్రం వైపు నుంచి నడుపుతారు, 1984లో మొదలైన అక్కడి స్పీచ్ పరిశోధన కేంద్రం మాత్రం భాషాశాస్త్రానికీ ఇన్ఫర్మాటిక్స్‌కూ మధ్య వంతెనలా ఉంటుంది. జర్మనీలోని జార్లాండ్ విశ్వవిద్యాలయంలో ఈ విభాగం మానవీయ శాస్త్రాల ఫ్యాకల్టీలో ఉన్నా, కృత్రిమ మేధ పరిశోధన కేంద్రం డీఎఫ్‌కేఐ అదే క్యాంపస్‌లో ఉంటుంది. పైకి ఒకే పేరున్న కోర్సు ఒకచోట సిగ్నల్ ప్రాసెసింగ్‌తోనూ మరోచోట వ్యాకరణంతోనూ మొదలు కావడానికి కారణం ఇదే.

ఊరి విషయంలోనూ ఒక జాగ్రత్త అవసరం. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ విశ్వవిద్యాలయపు వాయిస్ టెక్నాలజీ మాస్టర్స్ జరిగేది గ్రోనింగెన్‌లో కాదు, లేయువార్డెన్‌లో ఉన్న క్యాంపస్‌లో. విశ్వవిద్యాలయం పేరు చూసి గది తీసుకున్నవారు ఏడాది పొడుగునా రైలెక్కవలసి వస్తుంది. ఐరోపా సమాఖ్య వారి ఎరాస్మస్ ముండుస్ పథకం కింద నడిచే భాషా సాంకేతికత కోర్సులో మొదటి సంవత్సరం ఒక విశ్వవిద్యాలయంలోనూ రెండో సంవత్సరం మరో దేశపు విశ్వవిద్యాలయంలోనూ చదవాలి. అంటే కొత్తగా వచ్చినవారి అవస్థ రెండుసార్లు పడాలన్నమాట. రెండో చోటికి కావలసిన కాగితాలను మొదటి సంవత్సరం మధ్యలోనే మొదలుపెట్టడం మంచిది.

ఐరోపాలో చదివేవారు క్రెడిట్ల లెక్కను తేలిగ్గా తీసుకోకూడదు. ఏడాదికి 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల పని అని లెక్క. 6 క్రెడిట్ల పాఠం అంటే 150 నుంచి 180 గంటలు. వారానికి మూడు గంటల క్లాసు చొప్పున పదిహేను వారాలు వేసినా 45 గంటలే తేలుతాయి. మిగిలిన వంద గంటల పైచిలుకు మీరు ఒంటరిగా చేయవలసిన పని. టైంటేబుల్‌లో కనిపించే ఖాళీలు నిజానికి ఖాళీలు కావు.

ధ్వనిశాస్త్రం దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే మొదటి వారంలోనే చేయదగిన పని ఒకటి అందులో ఉంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో పాల్ బూర్స్మా, డేవిడ్ వీనింక్ రూపొందించిన శబ్దాన్ని తెర మీద బొమ్మగా చూపి కొలవనిచ్చే ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను దింపుకుని, ‘పడు’, ‘పాడు’ అన్న రెండు మాటలను మీ గొంతుతో రికార్డు చేసి తెరిచి చూడండి. రాతలో మనం ఒక దీర్ఘంతో తేల్చేసే తేడా తెర మీద మిల్లీసెకన్లలో కనిపిస్తుంది. ఆ తరువాత ‘కల’, ‘కల్ల’ చూస్తే ద్విత్వం అంటే అదే హల్లును మరోసారి పలకడం కాదనీ, దాన్ని ఎక్కువసేపు పట్టి ఉంచడమనీ అర్థమవుతుంది. ఇక ‘ఫలం’ అనండి. మీది నిజంగా మహాప్రాణమైతే మొదట పెదవులు మూసిన నిశ్శబ్దం, వెంటనే చిన్న పేలుడు, దాని వెనుక ఊపిరి కనిపిస్తాయి. మనలో చాలామందికి అలా కనిపించదు. పెదవికీ పంటికీ మధ్య గాలి రాపిడి ఒక్కటే బూడిదరంగు మేఘంలా పరుచుకుని ఉంటుంది. మనం రాసేది ఒకటి, పలికేది మరొకటి అన్న సంగతి పుస్తకంలో చదివితే అంతగా నాటుకోదు, మన గొంతులోనే చూసినప్పుడు నాటుకుంటుంది.

ఇది సరదా కోసం చేసే పని కాదు. స్పీచ్ పాఠాల్లో మామూలుగా సెకనుకు 16,000 నమూనాల చొప్పున నమోదైన శబ్దాన్ని 25 మిల్లీసెకన్ల కిటికీలుగా, ఒక్కో కిటికీని 10 మిల్లీసెకన్లు జరుపుతూ కోస్తారు. అలా సెకనుకు దాదాపు వంద ముక్కలు, అంటే ఫ్రేములు వస్తాయి. ప్రాట్‌లో మీరు కొలిచిన హ్రస్వాచ్చు 80 మిల్లీసెకన్లు ఉంటే, మోడల్‌కు ఆ అచ్చు గురించి దక్కే సాక్ష్యం ఎనిమిది ఫ్రేములు మాత్రమే. వేగంగా మాట్లాడే మనిషి గొంతులో అది ఇంకా తగ్గుతుంది. రెండు వైపుల పాఠాలు ఒకే విషయం గురించి మాట్లాడుతున్నాయని నాకు మొదటిసారి తట్టింది ఇక్కడే.

మొదటి ప్రాజెక్టులో నేను చేసిన పొరపాటును కూడా చెప్పి తీరాలి, ఎందుకంటే ఏటా ఎవరో ఒకరు దాన్ని మళ్లీ చేస్తూనే ఉంటారు. ఇరవై మంది గొంతుల రికార్డింగులు ఇచ్చి, మాటలను గుర్తించే చిన్న వ్యవస్థను తయారు చేయమన్నారు. నేను అన్నింటినీ కలగలిపి, నూటికి ఎనభై శిక్షణకూ ఇరవై పరీక్షకూ పంచాను. ఫలితం అద్భుతంగా వచ్చింది, స్లైడ్ మీద అంకెను పెద్ద అక్షరాలతో పెట్టుకున్నాను. ఆచార్యురాలు ఒక్కటే అడిగారు: పరీక్ష భాగంలోని గొంతుల్లో శిక్షణలో లేనివి ఎన్ని? ఒక్కటీ లేదు. మనుషుల వారీగా విడదీసి మళ్లీ నడిపితే దోషాలు రెట్టింపు దాటాయి. నా వ్యవస్థ మాటలతో పాటు ఆ ఇరవై మందినీ నేర్చుకుందన్నమాట. అమెరికన్ ఇంగ్లీషుకు 1980లలో రూపొందిన టిమిట్ అనే పాత సంకలనంలో 630 మంది ఒక్కొక్కరు 10 వాక్యాలు చదివారు. అందులో 462 మందిని శిక్షణకూ, వేరే 168 మందిని పరీక్షకూ కేటాయించారు. అందరూ చదివిన రెండు వాక్యాలను పరిశోధకులు సాధారణంగా పక్కన పెట్టేస్తారు, లేకపోతే పరీక్ష ప్రశ్న ముందే తెలిసినట్టవుతుంది. పాత సంకలనాల వెనుక ఉన్న ఇటువంటి జాగ్రత్తలను చదవడానికి ఒక మధ్యాహ్నం కేటాయించినా దండగ కాదు.

దోషాల లెక్క గురించి మరికొంత చెప్పాలి. స్పీచ్ గుర్తింపులో పదదోషాల రేటు అనే కొలతను మొదటి నెలలోనే నేర్పుతారు. మారిన పదాలు, పోయిన పదాలు, అదనంగా చేరిన పదాలు కలిపి, అసలు పాఠంలోని పదాల సంఖ్యతో భాగిస్తారు. ఇప్పుడు అసలు పాఠం ‘వచ్చాడు అని చెప్పింది’ అనుకుందాం, వ్యవస్థ ‘వచ్చాడని చెప్పింది’ అని రాసింది. తెలుగు వచ్చిన మనిషి ఇందులో తప్పు పట్టడు. కొలత ప్రకారం మాత్రం ఒక పదం మారింది, ఒక పదం పోయింది, అంటే మూడింటిలో రెండు దోషాలు, దాదాపు 67 శాతం. సంధి చేసి కలిపి రాయాలో విడదీసి రాయాలో మనకే ఒక పద్ధతి లేనప్పుడు ఈ కొలత యంత్రంతో పాటు మన రాతనూ కొలుస్తుంది. అందుకే తెలుగు వంటి భాషలకు, ఇదే లెక్కను పదాలకు బదులు అక్షరాలతో వేసే అక్షరదోషాల రేటును కూడా పక్కన చూపడం న్యాయం. ఇటువంటి ఉదాహరణను క్లాసులో మీరే చెప్పగలరు, చెప్పండి. ఇంగ్లీషు ఉదాహరణలతో నడిచే పాఠంలో ఇది అంతరాయం కాదు, చాలామంది అధ్యాపకులు దానికోసమే ఎదురుచూస్తుంటారు.

రాత మాట వచ్చింది కాబట్టి మరొక్కటి. పైథాన్‌లో ‘స్త్రీ’ పొడవు ఎంతో అడిగితే 6 అని వస్తుంది. మన కంటికి అది ఒకే అక్షరం. లిపుల్లోని గుర్తులకు సంఖ్యలిచ్చే యూనికోడ్‌కు అది స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారపు గుడిదీర్ఘం. ఆ గుర్తులను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోటి మూడు బైట్లు తీసుకుంటుంది కాబట్టి మొత్తం 18 బైట్లు. ఎక్కువగా ఇంగ్లీషు పాఠం మీద తయారైన టోకెనైజర్లు, అంటే పాఠాన్ని మోడల్‌కు ఇచ్చే ముందు ముక్కలు చేసే ప్రోగ్రాములు, తెలుగు మాటను ముక్కలు ముక్కలుగా నరకడానికి మూలం ఇక్కడుంది. పైన చెప్పిన అక్షరదోషాల రేటును లెక్కించేటప్పుడు కూడా ‘అక్షరం’ అంటే వీటిలో దేన్ని అన్నారో రిపోర్టులో స్పష్టంగా రాయాలి.

కంప్యూటర్ల విషయం క్లుప్తంగా చెప్తాను. మోడళ్లకు శిక్షణ ఇచ్చే శక్తిమంతమైన కంప్యూటర్ల సముదాయమైన విభాగపు జీపీయూ క్లస్టర్‌లో లాగిన్ అయ్యే యంత్రం మీద శిక్షణ నడపకండి. ఆ యంత్రాన్ని అందరూ వాడుకుంటారు, మీ పేరు అందరికీ తెలిసిపోతుంది. పనిని స్లర్మ్ వంటి వరుస పద్ధతికి అప్పగించాలి. గడువు దగ్గరపడిన వారంలో ఆ వరుస చాంతాడంత ఉంటుంది కనుక చిన్న డేటాతో ముందే నడిపి చూసుకోవాలి.

మనుషుల గొంతులు రికార్డు చేయదలచుకుంటే అనుమతుల సంగతి మొదటే చూడాలి. గొంతును బట్టి మనిషిని గుర్తుపట్టవచ్చు కనుక, 2018 మే నుంచి అమలులో ఉన్న ఐరోపా డేటా రక్షణ నిబంధన ప్రకారం అది వ్యక్తిగత సమాచారమే. నైతిక సమీక్ష సంఘానికి దరఖాస్తు, సమ్మతి పత్రం, రికార్డింగులను ఎక్కడ ఎంతకాలం దాస్తారన్న వివరం కావాలి. జవాబు రావడానికి వారాలు పడుతుంది. ఇంటికి ఫోన్ చేసి చుట్టాలందరినీ వాట్సాప్‌లో గొంతులు పంపమనడం మనకు తోచే దగ్గరి దారి. అది రెండు విధాలా చెల్లదు. సమ్మతి పత్రం ఉండదు, పైగా ఆ సందేశాలు కుదించిన శబ్దాలు కావడంతో సూక్ష్మమైన కొలతలకు పనికిరావు.

చివరగా థీసిస్. తెలుగు మీద చేయాలనుకుంటే ఏముందో ముందు చూడండి. స్పీచ్ డేటాను ఉచితంగా ఉంచే ఓపెన్ ఎస్‌ఎల్‌ఆర్ వెబ్‌సైటులో పలువురు చదివిన తెలుగు రికార్డింగులు ఉచితంగా దొరుకుతాయి. పలు భాషల వాక్యాలను ఒకే పద్ధతిలో విశ్లేషించి ఉంచే యూనివర్సల్ డిపెండెన్సీస్‌లోని తెలుగు వృక్షనిధిలో (వాక్యనిర్మాణం గుర్తించి పెట్టిన వాక్యాల సంకలనం) 1,300 పైచిలుకు వాక్యాలున్నాయి, ప్రాగ్‌లో తయారైన చెక్ వృక్షనిధిలో 80 వేలకు పైగా ఉన్నాయి. తేడా సంఖ్యలోనే కాదు. మన వాక్యాలు వ్యాకరణ గ్రంథం నుంచి తీసుకున్న ఉదాహరణలు, సగటున ఐదేసి పదాలవి. పత్రికలో కనిపించే పొడవాటి వాక్యం వాటిలో దాదాపు ఉండదు. వాటి మీద వచ్చిన మంచి అంకెను చూసి తెలుగు వాక్య విశ్లేషణ కుదిరిపోయిందనుకోవడం తొందరపాటు.

మీ పర్యవేక్షకులకు సాధారణంగా తెలుగు రాదు. కనుక ప్రతి ఉదాహరణను లైప్‌జిగ్ గ్లాసింగ్ నియమాల పద్ధతిలో మూడు వరుసలుగా రాయడం అలవాటు చేసుకోండి. పై వరుసలో మాటను విరిచి ‘వచ్చ్-ఆ-డు’ అనీ, దాని కింద ముక్కకు ముక్కగా క్రియ, భూతకాలం, ప్రథమపురుష ఏకవచన పుంలింగం అనీ, అడుగున మొత్తం అర్థమూ రాస్తారు. తొలి సమావేశానికి మోడల్ పేరుతోనో ఫలితాల పట్టికతోనో వెళ్లకండి. ఇప్పుడున్న వ్యవస్థ ఏదైనా తప్పుగా రాసిన పది తెలుగు వాక్యాలను ఇలా విడగొట్టి, ఒక కాగితం మీద అచ్చువేసుకుని వెళ్లండి. ఆ అరగంటలో ఎక్కువసేపు ప్రశ్నలు వేసేది వారే అవుతారు.