పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ 11: పాత డిస్కు జోలికి పోకుండా ఎక్కించే పద్ధతి

విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అప్పటి నుంచి బంధువుల ఇళ్లలో, తెలిసినవారి దుకాణాల్లో నాకు ఎదురవుతున్న ప్రశ్న ఒకటే: నిక్షేపంలా నడుస్తున్న ల్యాప్‌టాప్‌కు విండోస్ 11 ఎందుకు రానంటోంది? యంత్రం నెమ్మదిగా ఉండటం దానికి కారణం కాదు. ఇంటెల్‌లో ఇంచుమించు ఎనిమిదో తరానికి, ఏఎండీలో రైజెన్ 2000 వరుసకు ముందు వచ్చిన ప్రాసెసర్లను మైక్రోసాఫ్ట్ తన జాబితాలో చేర్చలేదు. పైగా టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, కంప్యూటర్ లేచేటప్పుడు నమ్మదగిన సాఫ్ట్‌వేరే నడిచేలా చూసే సెక్యూర్ బూట్ ఉండి తీరాలని షరతు పెట్టింది. ఆ షరతులను పక్కన పెట్టి విండోస్ 11 ఎక్కించుకోవచ్చు. అయితే ఆ పని పాత డిస్కు మీద చేయకండి. కొత్త ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే కొత్త రకం డిస్కు) కొని దాని మీద చేయండి. పాతదాన్ని ఊడదీసి బీరువాలో దాచండి.

ఈ నియమం నాకు దెబ్బ తిన్నాకే తెలిసింది. చిక్కడపల్లిలో డీటీపీ పని చేసుకునే మా బావమరిది కంప్యూటర్‌ను, సరిగ్గా శ్రావణమాసం ముందు, ఉన్న డిస్కునే తుడిచి కొత్త విండోస్‌తో నింపాను. ఫైళ్లన్నీ ముందే పెన్‌డ్రైవ్‌లోకి తీసుకున్నాను కానీ ఫాంట్ల సంగతి మరిచాను. మర్నాడు పొద్దున్నే ఫోను వచ్చింది: "బావా, శుభలేఖల్లో ఒక్క తెలుగు అక్షరం లేదు. పెళ్లికూతురి పేరున్న చోట ఇంగ్లీషు అక్షరాలూ డాలరు గుర్తులూ ఉన్నాయి." అను వంటి పాత డీటీపీ ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడిగా ఉన్న అక్షరాల పద్ధతి) కావు, ఫాంటు లేని కంప్యూటర్‌లో ఆ ఫైలు తెరిస్తే కనిపించేది ఆ గందరగోళమే. పాత డిస్కు చెక్కుచెదరకుండా ఉండి ఉంటే పది నిమిషాల్లో దాన్ని మళ్లీ బిగించి పని సాగించేవాళ్లం. లేదు కనుక ఇన్‌స్టాలేషన్ సీడీ వెతకడానికే రెండు రోజులు పట్టింది.

మొదట కంప్యూటర్‌ను పరీక్షించాలి. స్టార్ట్ మెనూలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని వెతికి తెరిస్తే ప్రాసెసర్ పేరు కనిపిస్తుంది. ఐ5-7200యూ అని ఉంటే అది ఏడో తరం, ఐ5-5200యూ అని ఉంటే ఐదో తరం. గీత తర్వాతి అంకెను బట్టి ఇలా గుర్తుపట్టవచ్చు. ఈ రెండింటికీ ఇక్కడ చెప్పే పద్ధతి సరిపోతుంది. కోర్ 2 డ్యుయో వంటి మరీ పాత ప్రాసెసర్లకు మాత్రం ఏ చిట్కా పనికిరాదు, ఎందుకంటే 24హెచ్2 అనే వెర్షన్ నుంచి విండోస్ 11కు కావలసిన కొన్ని ఆదేశాలు ఆ ప్రాసెసర్లలో అసలు లేవు. అటువంటి యంత్రానికి విండోస్‌కు బదులుగా వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్, 2029 దాకా మద్దతు ఉన్న లినక్స్ మింట్ 22 మేలు. ర్యామ్ 4 జీబీ చాలని కంపెనీ చెబుతుంది కానీ, 8 జీబీ లేనిదే ఈ పనికి పూనుకోవద్దని నా సలహా.

అదే పేజీలో బయోస్ మోడ్ అనే వరుస కూడా చూసి కాగితం మీద రాసుకోండి. (బయోస్ అంటే కంప్యూటర్ ఆన్ కాగానే, విండోస్ కన్నా ముందు నడిచే ప్రోగ్రాము. అందులో బూట్ చేసే పాత పద్ధతి లెగసీ, కొత్తది యూఈఎఫ్ఐ.) మన ఊళ్లో విండోస్ లేకుండా డాస్‌తో అమ్ముడుపోయిన ల్యాప్‌టాప్‌లు చాలా ఉన్నాయి. కొన్న రోజునే దుకాణంలో ఏదో ఒక విండోస్ ఎక్కించి చేతికిచ్చేవారు. అటువంటి వాటిలో ఈ వరుసలో తరచుగా లెగసీ అని ఉంటుంది. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీ కూడా చూడండి. విండోస్ 10 డిజిటల్ లైసెన్సుతో యాక్టివేట్ అయి ఉంటే అది మదర్‌బోర్డుకు ముడిపడి ఉంటుంది కనుక, డిస్కు మార్చినా అదే ఎడిషన్ విండోస్ 11 దానంతట అదే యాక్టివేట్ అవుతుంది. విండోస్ 7 నాటి కీని నమ్ముకోకండి. వాటితో యాక్టివేట్ చేసే వెసులుబాటును మైక్రోసాఫ్ట్ 2023 సెప్టెంబరులో మూసివేసింది.

ఎస్ఎస్‌డీ కోసం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీకి (కంప్యూటర్ దుకాణాల సముదాయం) వెళ్లేటట్లయితే ల్యాప్‌టాప్‌ను వెంట తీసుకెళ్లండి. కింది మూత తీసి చూస్తే గానీ లోపల 2.5 అంగుళాల సాటా డిస్కు ఉన్నదో, సన్నటి పలకలాంటి ఎస్ఎస్‌డీ పట్టే ఎం.2 స్లాటు ఉన్నదో తేలదు. (బండి పెట్టే చోటు కోసం తిరగడం కన్నా ప్యారడైజ్ స్టేషన్ దాకా మెట్రోలో వెళ్లి నడవడం సుఖం.) చాలామందికి 256 జీబీ సరిపోతుంది. దానితోపాటు సాటా డిస్కును యూఎస్‌బీకి కలిపే చిన్న కేబుల్ కూడా కొనండి. పాత డిస్కులోని ఫైళ్లను తర్వాత దానితోనే తెచ్చుకోవాలి.

డిస్కు ఊడదీసే ముందు మరో మూడు పనులున్నాయి. డిస్కుకు తాళంలా పనిచేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీలోని 48 అంకెలను రాసుకోండి, లేకపోతే ఆ డిస్కు యూఎస్‌బీ కేబుల్‌తో తెరుచుకోదు. ల్యాప్‌టాప్ కంపెనీ వెబ్‌సైట్ నుంచి వైఫై డ్రైవర్‌ను ఒక పెన్‌డ్రైవ్‌లో దాచండి. తర్వాత మైక్రోసాఫ్ట్ సొంత వెబ్‌సైట్ నుంచే విండోస్ 11 ఐఎస్ఓ ఫైలును (ఇన్‌స్టాలేషన్ అంతా ఉండే ఒకే ఫైలు) దింపుకోండి. "అన్నీ తీసేసిన తేలికపాటి విండోస్" అంటూ ఎవరో తయారుచేసిన ఫైళ్ల జోలికి వెళ్లకండి.

ఇప్పుడు ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్ తయారుచేసే రూఫస్ అనే ఉచిత ప్రోగ్రామును తెరిచి, మరో 16 జీబీ ఖాళీ పెన్‌డ్రైవ్‌ను, ఐఎస్ఓ ఫైలును ఎంచుకోండి. మీ బయోస్‌లో యూఈఎఫ్ఐ సౌకర్యం ఉంటే పార్టిషన్ పద్ధతి జీపీటీ అని పెట్టండి, లేకపోతే ఎంబీఆర్ అని పెట్టండి. స్టార్ట్ నొక్కగానే గడులున్న ఒక చిన్న పెట్టె తెరుచుకుంటుంది. 4 జీబీ ర్యామ్, సెక్యూర్ బూట్, టీపీఎం 2.0 షరతులను తొలగించాలా అని అడిగే గడిలో టిక్కు పెట్టండి; మొత్తం వ్యవహారానికి కీలకం ఆ గడే. ఆన్‌లైన్ ఖాతా తప్పనిసరి కాకుండా చేసే గడిలోనూ టిక్కు పెడితే వైఫై లేకున్నా ఇన్‌స్టాలేషన్ ఆగదు.

పాత డిస్కు తీసి కొత్తది బిగించాక బయోస్‌లోకి వెళ్లి, వీలుంటే, లెగసీని యూఈఎఫ్ఐగా మార్చండి. ఇంటెల్ పీటీటీ లేదా ఏఎండీ ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్‌తో వచ్చే టీపీఎం) అనే మీట కనిపిస్తే దాన్నీ ఆన్ చేయండి. తర్వాత పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయాలి: డెల్, లెనోవోల్లో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. డిస్కు ఎంచుకోమన్నప్పుడు ఖాళీ ఎస్ఎస్‌డీని ఎంచుకోండి. పాత డిస్కు యంత్రంలో లేదు కనుక దాన్ని పొరపాటున తుడిచే ప్రమాదం ఉండదు. బ్యాటరీ పాడైన ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్‌ను ఇన్వర్టర్ ఉన్న ప్లగ్గుకే పెట్టండి. ఎండాకాలం సాయంత్రాల్లో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం.

విండోస్ లేచాక భాషల సెట్టింగులో తెలుగును చేర్చండి. గౌతమి అనే పాత తెలుగు ఫాంటు ఇప్పుడు విండోస్‌తో పాటు రాదు. తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అనే ఐచ్ఛిక భాగంగా దింపుకోవాలి. అది లేకపోతే గౌతమిలో చేసిన పాత వర్డ్ ఫైళ్లలో అక్షరాలు చెడవు కానీ పేజీలు అటూ ఇటూ జరిగిపోతాయి.

ఇటువంటి కంప్యూటర్లకు నెలవారీ భద్రతా అప్‌డేట్లు ఇంతవరకు వస్తూనే ఉన్నాయి, అయితే వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వడం లేదు. ఏటా వచ్చే కొత్త వెర్షన్ మాత్రం దానంతట అది రాకపోవచ్చు. హోమ్ ఎడిషన్‌లో ఒక్కో వెర్షన్‌కు 24 నెలల మద్దతు ఉంటుంది కనుక రెండేళ్లలోపు రూఫస్‌తో మళ్లీ పెన్‌డ్రైవ్ తయారుచేసి, ఈసారి నడుస్తున్న విండోస్‌లోనే సెటప్‌ను తెరవాలి. అలా చేస్తే ఫైళ్లూ ప్రోగ్రాములూ ఉన్నచోటే ఉంటాయి.

పాత డిస్కు మీద స్కెచ్‌పెన్నుతో తేదీ, మీరు రాసుకున్న బయోస్ మోడ్ వేసి ఉంచండి. లెగసీలో నడిచిన డిస్కును తిరిగి బిగించినప్పుడు బయోస్ యూఈఎఫ్ఐలోనే ఉండిపోతే, డిస్కు చెడిపోయిందేమోనని కంగారుపడేలా నల్లటి తెర మీద బూట్ డివైస్ లేదని వస్తుంది. బయోస్‌ను లెగసీకి మారిస్తే చాలు, మళ్లీ లేస్తుంది.