పాడు చేస్తూ నేర్చుకునే వడ్రంగం: కొత్తవారికి కొన్ని సూచనలు

పాడైపోయినా ప్రాణం ఉసూరుమననంత చౌక చెక్కతో మొదలుపెట్టినవారు వడ్రంగం త్వరగా నేర్చుకుంటారు. టేకు పలక మీద తొలి కోత వేసేవారి చెయ్యి దాని ఖరీదు తలచుకుని వణుకుతుంది. తప్పు జరిగితే దానిని పరిశీలించడం మాని దాచిపెట్టడానికే మనసు పోతుంది. గురువు దగ్గర చేరే వీలు లేక, చేసి చూసి నేర్చుకోవాలనుకునేవారికి తప్పే పాఠం కనుక, ఆ తప్పు చవకగాను, దాని కారణం కంటికి కనిపించేలాగాను జరిగే ఏర్పాటు చేసుకోవడం మొదటి పని. నెల్లూరు, ప్రకాశం జిల్లాలలో దొరికే చెక్కను, ఇక్కడి ఎండవానలను దృష్టిలో పెట్టుకుని ఆ ఏర్పాటును వివరిస్తున్నాను.

నెల్లూరు, కావలి, ఒంగోలు వంటి ఊళ్లలోని కలప అడితులలోను, కోత మిల్లులలోను మిగిలే అంచు ముక్కలు, పొట్టి ముక్కలు అడిగితే తక్కువ ధరకు దొరుకుతాయి. యంత్రాలను, గ్రానైటు పలకలను సర్దే పెట్టెల చెక్క సాధనకు ఇంకా అనువైనది, ఎందుకంటే అది సాధారణంగా మెత్తగా ఉండి ఉలికి, రంపానికి సులభంగా లొంగుతుంది. అయితే అందులోని మేకులన్నీ పీకిన తరువాతే రంపం పెట్టాలి. విదేశాల నుంచి వచ్చిన పెట్టెల మీద గోధుమ కంకి ఆకారంలో ఒక ముద్ర ఉంటుంది. దాని పక్కన హెచ్‌టీ అనే అక్షరాలు ఉంటే ఆ చెక్కను వేడితో శుద్ధి చేశారని, ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారని అర్థం. రెండో రకాన్ని ఇంటికి తేకపోవడమే మంచిది.

ఇక్కడి చెట్లలో మామిడి మొదటి సాధనకు బాగుంటుంది. పురుగు పట్టే స్వభావం ఉన్నా, పారేయబోయే ముక్కలకు ఆ భయం అక్కరలేదు. వేప ప్రతి ఊళ్లోను దొరుకుతుంది కానీ, దాని నార ఒక పొరలో ఒక వైపుకు, మరో పొరలో ఇంకో వైపుకు మెలితిరిగి ఉండడం వల్ల చిత్రిక పట్టేటప్పుడు పైచెక్క చిట్లి లేస్తుంది. రెండో దశలో మాత్రం, చిత్రిక వాడకం ఎంతవరకు వచ్చిందో తెలుసుకోవడానికి వేపను మించిన పరీక్ష లేదు. నల్లతుమ్మ బండి చక్రాలకు, నాగళ్లకు వాడే గట్టి చెక్క కనుక కొత్త చేతులకు కష్టం. కోస్తా తోటల సరుగుడు గుంజలకు, కట్టెలకు పనికివస్తుంది గాని అతుకుల పనికి రాదు. ఉదయగిరి, రాపూరు అడవుల వైపు నుంచి ఎవరైనా ఎర్రచందనం ముక్క చూపితే దానిని ముట్టుకోకుండా ఉండడమే క్షేమం. అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడమే నేరం.

చెక్క ఎంత ఆరిందన్నది తరువాతి ప్రశ్న. కొత్తవారు తమ చేతిపని తప్పని అనుకునే వంకరలలో చాలా భాగం నిజానికి చెక్కలోని తడి వల్ల వచ్చినవే. ఆరేటప్పుడు చెక్క పొడవు వైపు దాదాపు కుదించుకోదు. వెడల్పు వైపే కుదించుకుంటుంది, అదీ వయసు వలయాల వెంట ఎక్కువగా, వాటికి అడ్డంగా అందులో సుమారు సగంగా. అందుకే పచ్చి పలక ఆరేకొద్దీ దోనెలా వంగుతుంది. తెచ్చిన ముక్కలను నీడలో, మధ్య మధ్య సన్నని పుల్లలు పెట్టి పేర్చి, కొసలకు రంగు గాని మైనం గాని పూస్తే కొసలు పగలవు. ఒక ముక్క మీద గుర్తు పెట్టి వారానికొకసారి వంటింటి త్రాసులో తూచి, బరువు తగ్గడం ఆగినప్పుడు మిగతావి కూడా గాలికి ఆరినట్టు లెక్క వేసుకోవచ్చు. కనిగిరి వైపు ఎండలకు త్వరగా ఆరే పలక, సముద్రం దగ్గరి ఊళ్లలో ఆలస్యంగా ఆరుతుంది. ఇక్కడ పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి కనుక, రోహిణి కార్తెలో బిగుతుగా చేసిన సొరుగు కార్తీకంలో ఉబ్బి ఇరుక్కుపోతుంది. ఎండాకాలంలో చేసే సొరుగుకు అంచున ఒక నూలు, అంటే అంగుళంలో 8వ వంతు, సందు వదలడం మంచిది.

పనిముట్లు కొన్ని చాలు: ఒక చేతి రంపం, అరంగుళం, అంగుళం ఉలులు, ఒక చిత్రిక, కొడతి (ఉలిని కొట్టే చెక్క సుత్తి), మూలమట్టం (మూల సరిగ్గా ఉందో చూసే పనిముట్టు), సానరాయి, చెక్కను కదలకుండా బిగించే రెండు క్లాంపులు. కరెంటు రంపం తప్పును క్షణంలో చేసేస్తుంది, కారణం చూపదు; అందుకే అది తరువాతి సంగతి. మూలమట్టాన్ని కొన్న దుకాణంలోనే పరీక్షించాలి. వంకర లేని అంచుకు ఆనించి ఒక గీత గీసి, మట్టాన్ని తిరగేసి అదే చోట మరో గీత గీస్తే, రెండు గీతలూ ఒకటిగా కలవాలి. వాటి మధ్య కనిపించే ఎడం అసలు తప్పుకు రెట్టింపు. ఈ పరీక్ష చేయనివారు పని తప్పినప్పుడు చేతిని నిందించుకుంటూ నెలలు గడిపేస్తారు.

సాన పట్టడం రాకుండా చేసిన సాధన వృథా అనే నా అభిప్రాయం, ఎందుకంటే మొద్దు ఉలితో వచ్చిన తప్పుకు కారణం చెయ్యో, ఉలో తేల్చలేము. ఉలి వెనుక వైపును మొదట గాజు పలక మీద అతికించిన 400, తరువాత 1000 నంబరు గరుకు కాగితం మీద చదునుగా రుద్ది నునుపు చేయాలి. ముందువైపు ఏటవాలు పొడవు ఉలి మందానికి రెండింతలు ఉంటే కోణం సరిగ్గా 30 డిగ్రీలు అవుతుంది కనుక, కొలబద్ద ఉంటే చాలు, కోణమాని అవసరం లేదు. ఏటవాలును ఒకే కోణంలో పట్టి సానరాయి మీద రుద్దుతూ ఉంటే వెనుక అంచున సన్నని గరుకు వేలికి తగులుతుంది. అది అంచు పొడవునా వచ్చేవరకు ఆపకూడదు. ఆ తరువాత వెనుక వైపును ఒకటి రెండు సార్లు చదునుగా లాగితే గరుకు ఊడిపోతుంది. మెత్తటి చెక్క కొసను అడ్డంగా చెక్కినప్పుడు నలగకుండా నునుపుగా తెగితే సాన కుదిరినట్టు.

ఇక కోత సాధన. ఒక ముక్క పైముఖాన, ముందుముఖాన మట్టంతో పావు అంగుళానికొక గీత గీసి, గీతను తాకుతూ దాని పక్కనే, పారేసే వైపున కోస్తూ పోవాలి. ప్రతి కోత పక్కన ఏం జరిగిందో, ఈసారి ఏం మార్చారో పెన్సిలుతో ఆ చెక్క మీదే రాయాలి. ఒకసారి ఒక్కదాన్నే మార్చాలి. నిలబడే తీరు, పట్టు, వేగం మూడూ కలిపి మార్చితే, కోత బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు. పైన గీత మీదే ఉండి అడుగున పక్కకు పోతే రంపం నిటారుగా లేదు. ఎలా నిలబడినా ఒకే వైపుకు లాగుతూ ఉంటే, పళ్లు ఆ వైపుకు ఎక్కువ వంగి ఉన్నాయని అనుమానించాలి. అది రంపం దోషం. అడుగున అంచు చిట్లితే కింద ఆనుకోవడానికి మరో చెక్క పెట్టలేదన్నమాట.

కోతలు గీత పక్కనే నిలకడగా రావడం మొదలైన తరువాత, మార్కాపురం రాతిపలకల చుట్టూ ఉండే చెక్క చట్రం వంటిది చేయడం మంచి పని. అందులో నాలుగు మూలలుంటాయి, అంటే ఒకే అతుకును నాలుగు సార్లు చేసి పోల్చుకోవచ్చు. ఒకటిన్నర అంగుళం వెడల్పు, ముప్పావు అంగుళం మందం గల నాలుగు ముక్కల కొసలలో మందాన్ని సగానికి కోసి, ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టే అతుకు దీనికి చాలు. సగం లోతు వరకు అడ్డంగా రంపంతో కోసి, మిగిలినదాన్ని ఉలితో రెండు పక్కల నుంచి మధ్యకు కొద్దికొద్దిగా తీయాలి. ఒకే పక్క నుంచి దూసుకుపోతే అవతలి అంచు ఊడివస్తుంది. జిగురు పెట్టకముందే బిగించి చూడాలి. అడ్డకోత దగ్గర సందు కనిపిస్తే కోత గీత దాటింది. పైముఖాలు ఎగుడుదిగుడుగా ఉంటే లోతులు సమానంగా లేవు. వంటింటి కడప బండ మీద పెట్టినప్పుడు ఒక మూల లేస్తే ఏదో ఒక అతుకు అడుగు వాలుగా ఉంది లేదా ఒక ముక్క మెలితిరిగింది. మూల నుంచి మూలకు రెండు కొలతలూ సమానంగా లేకపోతే చట్రం నలుచదరం తప్పింది.

దీని తరువాత చెంచా చెక్కవచ్చు. నెల్లూరు జిల్లా ఉదయగిరి చెక్క చెంచాలకు, ఫోర్కులకు భౌగోళిక గుర్తింపు ఉంది. దుర్గం కొండల నుంచి వచ్చే నర్ది, బిక్కి వంటి చెక్కలతో వాటిని చేస్తారు. అక్కడికి వెళ్లినవారు మెరుగు పెట్టిన చెంచాలను మాత్రమే కొనకుండా, సగం చెక్కిన వాటిని చూపించమని అడిగి, కాడలో నార ఎటు నడిచిందో గమనించాలి. నార కాడ పొడవునా సాగితేనే అది విరగదు. చెంచాకు అవిసె నూనె పూయవచ్చు గాని, ఆ నూనె తుడిచిన గుడ్డలను ముద్దగా పడేస్తే వాటంతట అవే అంటుకోగలవు. విడివిడిగా పరచి ఆరబెట్టాలి.

ఉలి దారిలో రెండో చెయ్యి ఎప్పుడూ ఉండకూడదు, ముక్కను క్లాంపుతో కాక చేత్తో పట్టుకుని చెక్కకూడదు, గరుకు కాగితం పట్టేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి.

చేసి చూసి నేర్చుకునేవారికి కూడా ఊళ్లోని వడ్రంగి ఆచారి గారి సాయం అవసరమే. నేర్పమని అడిగితే పని ఒత్తిడిలో ఉన్న మనిషి తప్పించుకోవచ్చు. పాడైన అతుకును చేతిలో పెట్టి, ‘‘ఆచారి గారూ, ఇది ఇక్కడ ఎందుకు తెరుచుకుంది?’’ అని అడిగితే సాధారణంగా జవాబు దొరుకుతుంది. చెక్క మీద రాసుకున్న పెన్సిలు మాటలు అప్పుడు పనికివస్తాయి. టేకు కొనడానికి తొందర వద్దు. ఒక ముక్కలో బెజ్జం తొలిచి, మరో ముక్క కొసను అందులో దిగే కుసిగా చేసి చూడండి: కుసి చేతి ఒత్తిడికి సగం దిగి, మిగతా సగం కొడతి దెబ్బలకు దిగాలి. చేత్తోనే పూర్తిగా దిగిపోతే వదులు. కొడితే బెజ్జం పక్కలు పగిలితే బిగువు ఎక్కువ. మామిడి ముక్కల మీద ఈ అతుకు వరసగా కుదురుతున్నప్పుడు అడితిలో టేకు ధర అడగవచ్చు.