పోకెమాన్ కార్డుల టోర్నమెంట్‌కి పిల్లల్ని తీసుకెళ్తున్నారా? ఏ కార్డు చెల్లుతుంది, జడ్జిని ఎప్పుడు పిలవాలి

మా అబ్బాయికి తొమ్మిదేళ్లప్పుడు, డాలస్ దగ్గర మేముండే చోట ఒక కార్డుల షాపులో జరిగిన లీగ్ ఛాలెంజ్‌కి (షాపుల్లో పెట్టే చిన్న అధికారిక టోర్నమెంట్) మొదటిసారి తీసుకెళ్లాను. పిల్లలు తక్కువ మంది వచ్చారని వయసు విభాగాలు కలిపి ఆడించారు. రెండో రౌండ్‌లో ఎదురుగా కూర్చున్న పెద్ద కుర్రాడు టర్న్‌కి ఒక్కటే వాడాల్సిన సపోర్టర్ కార్డులు ఒకే టర్న్‌లో రెండు వాడాడు, అది కుదరదని మావాడికి తెలుసు, కళ్లారా చూశాడు కూడా, అయినా నోరు మెదపలేదు. ఓడిపోయి కారులో కూర్చున్నాక ఏడుస్తూ చెప్పాడు. జడ్జిని పిలవచ్చు కదరా అంటే, "పెద్దవాళ్లతో గొడవ పెట్టుకోకూడదని నువ్వే అంటావుగా నాన్నా" అన్నాడు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. మన ఇళ్లలో పిల్లలకి సర్దుకుపోవడం నేర్పిస్తాం, మంచిదే, కానీ టోర్నమెంట్ బల్ల దగ్గర సర్దుకుపోతే ఆట పాడైపోతుంది. ఆ తర్వాత నేనే కూర్చుని రూల్స్ చదివాను, చాలా శనివారాలు ఆ బల్లల మధ్య గడిపాను. అక్కడ తెలుగు పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు పదే పదే ఇబ్బంది పడే విషయాలు ఇక్కడ రాస్తున్నాను.

ముందు కార్డుల సంగతి. పోకెమాన్ కార్డు కింద ఎడమ మూలలో, సెట్ కోడ్ (ఆ కార్డు ఏ విడతలో వచ్చిందో చెప్పే గుర్తు) పక్కన, చిన్న డబ్బాలో ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. దాన్నే రెగ్యులేషన్ మార్క్ అంటారు. స్టాండర్డ్ ఫార్మాట్‌లో, అంటే లోకల్ టోర్నమెంట్లలో దాదాపు ఎప్పుడూ ఆడించే ఫార్మాట్‌లో, కార్డు చెల్లుతుందా లేదా అన్నది ఆ అక్షరమే చెబుతుంది. కొన్నేళ్లుగా ఏప్రిల్‌లో పాత అక్షరం ఒకటి ఆటలోంచి పోతోంది. 2023 ఏప్రిల్ 14న డీ పోయింది, 2024 ఏప్రిల్ 5న ఈ (E) పోయింది, 2025 ఏప్రిల్ 11న ఎఫ్ పోయి జీ, హెచ్, ఐ మిగిలాయి. మీరు ఇది చదివేసరికి ఇంకో అక్షరం కూడా పోయి ఉండొచ్చు, కాబట్టి టోర్నమెంట్ వారంలో పోకెమాన్ అధికారిక సైట్ ఒకసారి చూసుకోండి. పక్కింటి పిల్లాడు చెప్పాడనో, పోయిన ఏడాది ఇదే డెక్‌తో (ఆటకి పేర్చుకున్న కార్డుల కట్టతో) ఆడామనో వెళ్లిపోవద్దు. కొత్త సెట్ విషయంలోనూ తొందరపడకూడదు, షాపులోకి వచ్చిన రోజే టోర్నమెంట్‌లో వాడనివ్వరు, మామూలుగా విడుదలైన రెండు వారాలకి చెల్లుబాటవుతుంది.

ఇక్కడే చాలామంది పొరపాటు పడేది ఒకటుంది. అక్షరం పాతదైనంత మాత్రాన కార్డు పనికిరాదని కాదు. అదే పేరుతో, అదే పని చేసే కార్డుని తర్వాత చెల్లే అక్షరంతో మళ్లీ అచ్చు వేసి ఉంటే మీ దగ్గరున్న పాతది కూడా చెల్లుతుంది. బాసెస్ ఆర్డర్స్ కార్డునే తీసుకోండి. 2020లో రెబెల్ క్లాష్ సెట్‌లో డీ గుర్తుతో వచ్చింది, 2023లో పాల్డియా ఎవాల్వ్డ్ సెట్‌లో జీ గుర్తుతో మళ్లీ వచ్చింది, కాబట్టి జీ పనికొచ్చినన్నాళ్లూ ఆ డీ కార్డు కూడా పనికొచ్చింది. కొత్తది కొనక్కర్లేదు. ఇలా ఎక్కువగా ట్రైనర్ కార్డులకే, అంటే పోకెమాన్‌లు కాకుండా ఆటలో సాయపడే కార్డులకే, జరుగుతుంది. పోకెమాన్‌ల విషయంలో పేరు ఒకటైతే సరిపోదు, హెచ్‌పీ (ఎంత దెబ్బ తట్టుకుంటుందో చెప్పే అంకె), అటాక్, అన్నీ అదే కార్డు అయి ఉండాలి, అందుకే మీ పాత పికాచు ఇప్పటి పికాచు పేరు చెప్పుకుని బల్ల ఎక్కలేదు. పాత కార్డు మీద మాటలు కొత్తదానికి తేడాగా కనిపిస్తే ఆట మొదలుకాకముందే జడ్జికి చూపించండి.

తర్వాత లెక్క. డెక్‌లో సరిగ్గా 60 కార్డులు, ఒకటి తక్కువైనా ఎక్కువైనా తప్పే. ఒకే పేరున్న కార్డులు నాలుగు మించకూడదు, అటాక్‌లకి శక్తినిచ్చే బేసిక్ ఎనర్జీ కార్డులకి మాత్రం ఆ హద్దు లేదు. కనీసం ఒక బేసిక్ పోకెమాన్ (నేరుగా బల్ల మీద పెట్టగలిగేది) ఉండాలి. ఏస్ స్పెక్ అని రాసి ఉన్న కార్డు డెక్ మొత్తానికి ఒక్కటే, రెండు వేర్వేరు ఏస్ స్పెక్‌లు ఒక్కోటి పెట్టినా చెల్లదు, ఇది పిల్లలు తెగ చేసే తప్పు. పేర్ల దగ్గర కూడా కొంచెం జాగ్రత్త. పికాచు, పికాచు ఈఎక్స్ రెండూ వేర్వేరు పేర్లు, కాబట్టి నాలుగేసి పెట్టుకోవచ్చు. టీమ్ రాకెట్స్ మ్యూటూ ఈఎక్స్, మ్యూటూ ఈఎక్స్ కూడా అంతే. కానీ బొమ్మలు, అటాక్‌లు వేరుగా ఉన్న రెండు రకాల పికాచులు ఉన్నాయనుకోండి, పేరు ఒకటే కాబట్టి అవన్నీ కలిపి నాలుగే. బాసెస్ ఆర్డర్స్ కింద బ్రాకెట్లో ఎవరి పేరున్నా అది కూడా ఒకే కార్డు లెక్క.

ముందు రోజు రాత్రి డెక్‌ని బల్ల మీద ఆరేసి కార్డులుగా పది వరుసలు పేర్చమనండి, పిల్లాడితోనే చేయించండి, మీరు చేయొద్దు. పది వరుసలు నిండితే 60, లేకపోతే ఎక్కడ పోయిందో అప్పుడే వెతుక్కోవచ్చు. డెక్‌లో ఏమేం ఉన్నాయో రాసిచ్చే డెక్ లిస్ట్ రాసేటప్పుడు పోకెమాన్‌లకి పేరుతో పాటు సెట్ కోడ్, కార్డు నంబరు కూడా రాయాలి. లిస్టులో ఒకటి, డెక్‌లో ఒకటి ఉంటే పెద్ద టోర్నమెంట్లలో ఆటే పోతుంది. లోకల్‌లో మామూలుగా సరిచేయించి హెచ్చరిస్తారు, చెల్లని కార్డులు తీసేయించి వాటి బదులు బేసిక్ ఎనర్జీ పెట్టించే పద్ధతి ఉంది. అప్పుడు డెక్ ఎంత బలహీనపడుతుందో ఆడే పిల్లాడికి తెలుస్తుంది.

ఇప్పుడు కొంచెం బాధగా ఉండే విషయం. సెలవులకి ఊరెళ్లినప్పుడో, తాతయ్య వాళ్లు ఇక్కడికి వచ్చేటప్పుడో ఫ్యాన్సీ షాపులో కొన్న బంగారు రంగు పోకెమాన్ కార్డుల ప్యాకెట్లు వస్తాయి. పిల్లలకి అవి ప్రాణం. అవి నకిలీవి. టోర్నమెంట్‌లో ఒక్కటి కూడా చెల్లదు. వెనక వైపు నీలం రంగు అసలు కార్డు పక్కన పెడితే తేడాగా కనిపిస్తుంది, అక్షరాలు మందంగానో సన్నగానో ఉంటాయి, పోకెమాన్ అన్న ఇంగ్లీషు పేరులో é అక్షరం మీద ఉండాల్సిన గీత చాలాసార్లు ఉండదు, హెచ్‌పీ అంకెలు ఆటలో ఎక్కడా లేనంత పెద్దవి ఉంటాయి. ఈ మాట పిల్లలకి టోర్నమెంట్ బల్ల దగ్గర అందరి ముందు తెలియకూడదు. ఇంట్లోనే, నెమ్మదిగా, "ఇవి తాతయ్య ఇచ్చినవి, దాచుకుందాం, ఆటకి ఇవి వేరే" అని చెప్పండి. ఒక ఏడేళ్ల పాప డెక్‌లోంచి జడ్జి అలాంటి నాలుగు కార్డులు పక్కన పెట్టినప్పుడు ఆ పాప మొహం చూశాను, అది ఏ పిల్లకీ రాకూడదు.

అసలైనవే అయినా చెల్లనివి కొన్ని ఉన్నాయి. మెటల్ కార్డులు, జంబో కార్డులు, వరల్డ్ ఛాంపియన్‌షిప్ డెక్‌ల పేరుతో అమ్మేవి, 2023లో వచ్చిన క్లాసిక్ బాక్స్‌లోవి. వీటిలో చాలావాటికి వెనక బొమ్మే వేరుగా ఉంటుంది. జపనీస్ కార్డులు అమెరికాలో జరిగే అధికారిక టోర్నమెంట్లలో కుదరవు, ఎంత అందంగా ఉన్నా, ఎంత చవగ్గా దొరికినా. ప్రింట్ తీసి స్లీవ్‌లో (కార్డుకి తొడిగే ప్లాస్టిక్ కవరులో) పెట్టిన ప్రాక్సీలు, అంటే అసలు కార్డు బదులు వాడేవి, కూడా అంతే, ఇంట్లో ప్రాక్టీసుకి హాయిగా వాడుకోండి కానీ టోర్నమెంట్‌లో ప్రాక్సీ ఇచ్చే అధికారం హెడ్ జడ్జికే ఉంది, అదీ ఆ రోజు ఆటలోనే కార్డు పాడైతే.

స్లీవ్‌ల గురించి ఎవరూ ముందే చెప్పరు. అరవై కార్డులకీ ఒకే రంగు, ఒకే రకం, ఒకే అరుగుదల ఉండాలి. ఒకటి చిరిగితే కొత్త స్లీవ్ ఒక్కటే వేస్తారు, అది మిగతావాటి మధ్య మెరుస్తూ కనిపిస్తుంది, దాన్ని గుర్తు పెట్టిన కార్డు అంటారు. మెరిసే హోలో కార్డులు వంగిపోతే డెక్‌ని పక్కనుంచి చూసినా అవి ఎక్కడున్నాయో తెలిసిపోతుంది. రెండు రోజుల ముందు నుంచే బరువైన పుస్తకం కింద పెట్టండి. మూలలు మడతపడ్డ స్లీవ్‌లు ఎక్కడెక్కడో ఉంటే మార్చుకోమంటారు, అదే ఒక్క రకం కార్డుకే నాలుగుకి నాలుగూ మడతపడి ఉంటే జడ్జి దాన్ని చాలా సీరియస్‌గా తీసుకుంటారు, పిల్లాడు కావాలని చేయకపోయినా సరే. కాబట్టి అవే స్లీవ్‌లు కొన్ని అదనంగా బ్యాగులో ఉండాలి.

ఇక జడ్జి. పోకెమాన్‌లో టోర్నమెంట్లు నడిపేవాళ్లలో, జడ్జిలలో చాలామంది ప్రొఫెసర్ ప్రోగ్రామ్ ద్వారా పరీక్ష రాసి వచ్చినవాళ్లు. వాళ్లు తప్పు పట్టడానికి తిరగరు, ఆటని సరైన దారిలో పెట్టడానికి ఉన్నారు. ఈ మాట పిల్లలకి పదిసార్లు చెప్పండి. జడ్జిని పిలవడం అంటే ఎదుటివాడిని దొంగ అనడం కాదు. అనుమానం వచ్చిన క్షణంలో కార్డులు ఎక్కడున్నవి అక్కడే వదిలేసి, చేతులు వెనక్కి తీసుకుని, చెయ్యెత్తి గట్టిగా "జడ్జ్" అని పిలవాలి. ఇద్దరూ కలిసి సొంతంగా సర్దేసుకోకూడదు, వెనక్కి తీసుకుంటా అన్నా ఒప్పుకోకూడదు. జడ్జి వచ్చాక ఏం జరిగిందో వరుసగా చెప్పాలి, ఎదుటివాళ్లు చెప్పేటప్పుడు అడ్డు రాకూడదు.

ఎందుకు వెంటనే పిలవమంటున్నానంటే, అదే టర్న్‌లో తెలిస్తే ఆటని ఆ తప్పు జరగకముందున్న చోటికి వెనక్కి తీసుకెళ్లగలరు. రెండు మూడు టర్న్‌లు అయ్యాక చెబితే కార్డులు ఎక్కడెక్కడికో వెళ్లిపోయి ఉంటాయి, అప్పుడు చాలాసార్లు ఉన్నదున్నట్టు ఆడమనడం తప్ప దారి ఉండదు. మా అబ్బాయి ఆ రోజు అప్పుడే చెయ్యెత్తి ఉంటే రెండో సపోర్టర్ ఆ కుర్రాడి చేతిలోకి తిరిగి వెళ్లేది, బహుశా ఒక హెచ్చరికతో అయిపోయేది.

శిక్షలకి మెట్లున్నాయి. మొదట మాటతో జాగ్రత్త చెప్పడం, తర్వాత వార్నింగ్, ఆ తర్వాత ఎదుటివాళ్లు అదనంగా ప్రైజ్ కార్డు (ఆట మొదట్లో పక్కన పెట్టి, గెలుపు కోసం తీసుకుంటూ పోయే కార్డు) తీసుకోవడం, ఆట పోవడం, చివరికి టోర్నమెంట్ నుంచే పంపేయడం. లోకల్‌లో ఎక్కువ భాగం మొదటి రెండు మెట్ల దగ్గరే ఆగుతుంది. ఎనర్జీ రెండుసార్లు తగిలించడం, ఒక కార్డు ఎక్కువ తీయడం, ప్రైజ్ కార్డులు ఆరు పెట్టడం మరిచిపోవడం, మొదట ఆడేవాళ్లు తొలి టర్న్‌లో సపోర్టర్ వాడేయడం, ఇవన్నీ అందరికీ జరుగుతాయి. మీ పిల్లాడే తప్పు చేస్తే వాడే చెయ్యెత్తాలి, తప్పు తనంతట తాను చెప్పిన పిల్లల్ని జడ్జిలు ఎంత ఆదరంగా చూస్తారో నేను చాలాసార్లు చూశాను.

కానీ కొన్నిటికి మెట్లు లేవు, అవి పిల్లలకి ముందే తెలియాలి. "నువ్వు ఓడిపోయినట్టు రాయి, నీకు ప్యాక్ ఇస్తా" అనడం లంచం కిందకి వస్తుంది, సరదాకి అన్నా సరే. టైమ్ అయిపోతే పాచిక వేసి గెలుపు తేల్చుకోవడం కూడా అంతే. నేరుగా బయటికి పంపేసే తప్పులివి, అవి తప్పని పిల్లలకి ఎవరూ చెప్పకపోవడమే చాలాసార్లు కారణం.

ఇప్పుడు మనకి, అంటే అమ్మానాన్నలకి. వెనక నిలబడి తెలుగులో "ఆ కార్డు వెయ్ నాన్నా" అంటే ఎవరికీ అర్థం కాదనుకుంటాం. అది బయటి సాయమే, శిక్ష పడేది పిల్లాడికి. కళ్లతో, తల ఊపుతో చెప్పినా అంతే. బల్ల దగ్గర తప్పు కనిపిస్తే ఆడేవాళ్లతో ఒక్క మాట కూడా అనకుండా, దూరంగా వెళ్లి జడ్జికి చెప్పండి. స్మార్ట్ వాచ్, ఫోన్, ఇయర్‌బడ్స్ మీ దగ్గరే ఉంచుకోండి.

తీర్పు నచ్చకపోతే హెడ్ జడ్జిని అడగవచ్చు, అది పిల్లాడి హక్కు, మర్యాదగా "హెడ్ జడ్జితో మాట్లాడొచ్చా" అంటే చాలు. హెడ్ జడ్జి చెప్పాక ఇక మాట్లాడేది లేదు. చిన్న షాపుల్లో జడ్జి ఒక్కరే ఉంటారు కాబట్టి మొదటి మాటే చివరి మాట అవుతుంది. జడ్జి వచ్చి మాట్లాడినంత సేపూ రౌండ్ టైమ్ నడుస్తూనే ఉంటుంది, ఎక్కువసేపు పడితే అదనపు సమయం ఇస్తారా అని అప్పుడే అడగమనండి, ఆట అయ్యాక అడిగితే లాభం లేదు.

ఫలితం చీటీ మీద సంతకం పెట్టే ముందు గెలిచినవాళ్ల పేరు దగ్గరే టిక్ ఉందా అని చూసుకోవడం పిల్లలు మరిచిపోతారు. గెలిచిన ఆనందంలోనో, ఓడిన దిగులులోనో చూడకుండా గీసేస్తారు, తర్వాతి రౌండ్ జతలు పడిపోయాక దాన్ని మార్చడం చాలా కష్టం. సంతకానికి ముందు పేరు పైకి చదవమని చెప్పి పంపండి.