సర్వేకి శాంపిల్ తీయడం: అంకె కంటే ముందు జాబితా

సర్వే అనగానే ముందుగా వచ్చే ప్రశ్న "ఎంతమందిని అడగాలి?" అని. దానికంటే ముందు తేలాల్సిన విషయం ఇంకొకటుంది: ఎవరి గురించి తెలుసుకోవాలి, వాళ్లందరి పేర్లూ ఉన్న జాబితా ఏది? జాబితాలో లేనివాళ్లు శాంపిల్‌లోకి, అంటే అడగడానికి ఎంచుకున్న కొద్దిమందిలోకి, రానే రారు. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ పత్రిక ఎక్కువగా టెలిఫోన్, కార్ల యజమానుల జాబితాల నుంచి పేర్లు తీసి కోటి మందికి బ్యాలెట్లు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలుస్తాడని లెక్క తేలింది. తీరా చూస్తే 48 రాష్ట్రాల్లో 46 ఆయన ప్రత్యర్థి రూజ్‌వెల్ట్‌వే. జాబితాలో పేదలు తక్కువ. పైగా జవాబు రాసినవాళ్లకీ, రాయనివాళ్లకీ అభిప్రాయాల్లోనే తేడా ఉంది. ఇంకో కోటి మందికి పంపినా ఈ తప్పు పోయేది కాదు.

ఇక అంకె. ఒక శాతాన్ని 95% నమ్మకంతో (ఇలాంటి సర్వే వందసార్లు చేస్తే దాదాపు 95 సార్లు నిజం ఆ తేడాలోనే ఉండేలా), అటూ ఇటూ 5 పాయింట్ల తేడాలో అంచనా వేయాలంటే 1.96ని (95% నమ్మకానికి వాడే అంకె) 1.96తో హెచ్చించి, దాన్ని 0.25తో (జవాబులు సగం సగం చీలితే, 0.5 × 0.5) గుణించి, 0.0025తో (5 పాయింట్లు, అంటే 0.05 × 0.05) భాగించండి. 384.16 వస్తుంది, అంటే 385 మంది. తేడా 3 పాయింట్లే ఉండాలంటే 1,068. జనాభా లక్షైనా కోటైనా దాదాపు ఇంతే. మొత్తం వెయ్యి మందే అయితే 278 చాలు. పదిమందిలో ఏడుగురే జవాబిస్తారనుకుంటే 385ని 0.7తో భాగించి 550 పేర్లు తీయాలి.

జాబితాలో 44,000 పేర్లుంటే ప్రతి 80వ పేరు తీస్తే సరి. 1 నుంచి 80 లోపు ఒక అంకెను లాటరీలో తీయండి. 37 వస్తే తర్వాత 117, 197, అలా. కానీ ముందు జాబితా వరస చూడండి. ప్రతి ఇంటికీ భర్త పేరు, వెంటనే భార్య పేరు రాసి ఉంటే, 37 బేసి, 80 సరిసంఖ్య కాబట్టి శాంపిల్ మొత్తం మగవాళ్లే అవుతారు! ఎక్సెల్‌లో ప్రతి పేరు పక్కన ఒక ర్యాండమ్ నంబరు వేసి, ఆ నంబర్ల వరసలో పేర్చి, మొదటి 550 తీసుకోవడమే నాకు నచ్చే పద్ధతి.

ప్రయాణం తగ్గించడానికి ఒక్కో చోట 20 మందిని అడిగితే శాంపిల్ పెంచక తప్పదు, ఒకచోటివాళ్ల జవాబులు ఒకలా ఉంటాయి గనక. ఆ పోలిక (ఏమీ లేకపోతే 0, అందరూ ఒకేలా చెబితే 1) 0.05 అయితే 20లో ఒకటి తీసేసిన 19ని దానితో హెచ్చించి 1 కలపండి: 1.95. శాంపిల్‌ని దీనితో హెచ్చిస్తే 385 కాస్తా 751 అవుతుంది; జవాబివ్వనివాళ్లనీ లెక్కేస్తే 1,073.

అసలు శాంపిల్ పాడయ్యేది ఫీల్డ్‌లో. తలుపు తాళం వేసి ఉందని పక్కింటివాళ్లని అడగకూడదు. అలా చేస్తే పగలు ఇంట్లో ఉండేవాళ్లే శాంపిల్‌లో మిగులుతారు. సాయంత్రం ఒకసారి, సెలవు రోజు ఒకసారి మళ్లీ వెళ్లాలి. అప్పటికీ దొరక్కపోతే "దొరకలేదు" అనే రాసి, ఆ సంఖ్యను రిపోర్టులో ఉన్నదున్నట్టు ఇవ్వాలి.