ఫ్లైట్ లేటైతే తలుపు తెరిచిన టైమ్ చూసుకోండి

లండన్ నుంచి డబ్లిన్‌కో ఆమ్‌స్టర్‌డామ్‌కో వీకెండ్ ట్రిప్పులు వేసే మనవాళ్లలో, ఫ్లైట్ లేటైతే తిట్టుకుని ఊరుకునేవాళ్లే ఎక్కువ. 1500 కిలోమీటర్ల లోపు రూట్‌లో మూడు గంటలో ఆపైనో ఆలస్యంగా చేరితే, తప్పు ఎయిర్‌లైన్‌దైతే, యూకే రూల్ ప్రకారం మనిషికి 220 పౌండ్లు రావాలి, టికెట్ 30 పౌండ్లకే కొన్నా సరే. లెక్కలోకొచ్చేది చక్రాలు నేలకు తాకిన టైమ్ కాదు, విమానం తలుపు తెరిచిన టైమ్. అప్పుడే ఫోన్‌లో ఓ ఫొటో తీసి పెట్టుకోండి. "టెక్నికల్ ప్రాబ్లమ్ అండీ" అంటే మెత్తబడొద్దు, మామూలు రిపేర్లు సాకుగా చెల్లవు. తుఫాను లాంటివైతే మాత్రం పరిహారం ఉండదు, కానీ అప్పుడు కూడా రెండు గంటలు దాటితే తిండి ఖర్చు వాళ్లదే, వోచర్ ఇవ్వకపోతే శాండ్‌విచ్ బిల్లు దాచండి (బీరు బిల్లు జతచేయకండి, ఇవ్వరు). క్లెయిమ్ ఎయిర్‌లైన్ సైట్‌లో ఫ్రీగానే వేయొచ్చు, కమీషన్ కొట్టేసే ఏజెంట్లు అక్కర్లేదు. ఇంగ్లండ్‌లో ఆరేళ్ల వరకు గడువుంది, పాత బోర్డింగ్ పాసులు ఓసారి వెతకండి.